మరమ్మతు నేర్పిన మనిషి: కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు



ఈ ఏడు వచ్చిన సంవత్సరము పేరు పరాభవ. పంచాంగ శ్రవణమునకు ముందే ఆ పేరు విని ముఖము చిన్నబుచ్చుకొన్నవారు మన కాలనీలో కొందరున్నారు. ఓటమి అను పేరుగల సంవత్సరమునకు తోరణము కట్టుట ఎట్లని మా వీధిలో ఒక పిన్నిగారు నవ్వుచునే అడిగినారు. 1966లోను ఈ సంవత్సరమే వచ్చినది. ఆనాడును మన పెద్దలు తోరణములు కట్టినారు, పచ్చడి తిన్నారు, పిల్లల పెండ్లిండ్లు చేసినారు. వేపపూవు చేదని ఉగాది పచ్చడి మానుకొన్న తెలుగువారు ఉన్నట్లు మేము వినలేదు.

కార్యవర్గమువారు ఈ సంచికకు ఏదైనా వ్రాయుమన్నప్పుడు, ఓటములు చాలా చూచి వాటిని గూడ పనిలోనికి తెచ్చుకొన్న ఒక తెలుగుబిడ్డ జీవితము వ్రాయవలెనని తోచినది. మేము పండితులము కాము. మెట్రిక్కు చదివి రైల్వేలో గుమాస్తాపని చేసుకొనువారము. తేదీ తప్పులేకుండ వ్రాయుట, వచ్చిన సరుకును వచ్చినట్లు నమోదు చేయుట మాకు తెలిసిన విద్య. ఈ వ్యాసమును గూడ ఆ పద్ధతినే వ్రాసినాము.

అయితే ఈ జీవితమునే ఎన్నుకొనుటకు మరియొక కారణమున్నది. అది గురుబరపల్లిలో ఒక రేకుల షెడ్డులో మొదలైనది.

హోసూరునుండి కృష్ణగిరికి పోవు పెద్దరోడ్డుమీద గురుబరపల్లి మనకందరకు తెలిసిన ఊరే. ఈ ప్రాంతమున కార్ఖానాలు వచ్చిన తరువాత మన తెలుగు కుటుంబములు అనేకము ఇక్కడ అద్దె ఇండ్లలో స్థిరపడినవి. అటువంటి ఒక ఇంటి అబ్బాయి, అతని స్నేహితులిద్దరు కలిసి డబ్బు వేసికొని, ఎక్కడనో చెట్టుక్రింద పడియున్న పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు నొకదానిని కొని షెడ్డుకు ఈడ్చుకొని వచ్చినారు. తాబేలు వీపువంటి పైకప్పు గల ఆ కారును పెద్దలు ఎరుగుదురు. దాని ముందు మూత ఎత్తిన సామానులు పెట్టు చోటు కనబడును; వెనుక మూత ఎత్తిన ఇంజను కనబడును. జర్మనీలో పుట్టిన ఈ నమూనా 2003లో మెక్సికోలో ఆఖరి కారు తయారగువరకు ప్రపంచములో 2 కోట్ల 15 లక్షలకు పైగా అమ్ముడైనది. దాని ఇంజనుకు నీళ్ళు అక్కరలేదు. ఫంకా విసరు గాలితోనే చల్లబడును. నాలుగు బోల్టులు, కొన్ని తీగెలు, ఒక పెట్రోలు గొట్టము విప్పిన యెడల ఇంజను మొత్తము వెనుకనుండి క్రిందికి దిగివచ్చును. చేయి తిరిగిన ఇద్దరు మనుష్యులకు అది ఒక పూట పని.

పిల్లల ఉద్దేశము కారును బాగుచేయుటతో ఆగలేదు. ఇంజను సామర్థ్యము 1192 ఘన సెంటీమీటర్లు, శక్తి 34 గుర్రములు. పెద్ద సిలిండర్లు వేసి దానిని 1385కు పెంచవలెనని, రెండు కార్బురేటర్లు బిగించవలెనని, పెద్దరోడ్డుమీద క్రొత్త కార్లతో సమానముగా నడపవలెనని వారి కోరిక. పెద్ద సిలిండర్లు తెప్పించినారు గూడ. ఇంతవరకు ముచ్చటే. కాని ఆ ఇంటి అబ్బాయి డిప్లొమా రెండవ సంవత్సరము చదువుచు కాలేజీకి పోవుట మానివేసినాడు. తండ్రి కోప్పడగా జి.డి. నాయుడుగారు ఏ కాలేజీలో చదివినారని ఎదురు ప్రశ్న వేసినాడట. ఆ అన్నగారు ఒక ఆదివారము మా ఇంటికి వచ్చి, నాయుడుగారిని గూర్చి తమకు అంతగా తెలియదని, తెలిసినవారెవరైన ఆ పిల్లవానికి సరియైన సమాధానము చెప్పవలెనని కోరినారు. ఆయన కన్నులలో నీరు చూచి మేము ఆ పని పెట్టుకొన్నాము. ఈ వ్యాసము ఆ సమాధానమే.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు దగ్గర కలంగల్ అను పల్లెలో పుట్టినారు. తండ్రి గోపాలస్వామి నాయుడుగారు వ్యవసాయదారు. వారిది ఇంట తెలుగు మాట్లాడు కుటుంబము. విజయనగర రాజుల కాలమునను, నాయకరాజుల కాలమునను తెలుగుదేశమునుండి దక్షిణమునకు తరలివచ్చి, కొంగునాటి నల్లరేగడిలో ప్రత్తి పండించిన వంశముల సంతతి ఆ ప్రాంతమున వేలకొలది ఉన్నారు. వారు నాగలి పట్టుకొని వచ్చినారు, మనము కార్ఖానా గేటు చీటి పట్టుకొని వచ్చినాము. తేడా అంతమాత్రమే. ఊరుగాని ఊరిలో తెలుగు నిలుపుకొనుచు, ఆ ఊరికి పనికివచ్చుట ఎట్లన్నది వారికిని మనకును ఒకటే ప్రశ్న.

నాయుడుగారు పసితనముననే తల్లిని పోగొట్టుకొన్నారు. బడి ఆయనకు రుచింపలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయినది. మన అబ్బాయి చెప్పినదానిలో ఇంతవరకు నిజమున్నది.

యౌవనములో ఉండగా ఒక దినమున తెల్లదొర యొకడు మోటారు సైకిలుమీద పోవుట ఆయన కంటబడినది. అది ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున తయారైన రడ్జి కంపెనీ బండి. ఎద్దుగాని గుర్రముగాని లేకుండ బండి పరుగెత్తుట ఆ ప్రాంతపు పల్లెలవారికి ఆనాడు వింత. చూచినవారందరు ఆశ్చర్యపడి ఎవరి దారిన వారు పోయినారు. నాయుడుగారు మాత్రము ఆ బండిని తాను కొనవలెనని నిశ్చయించుకొన్నారు. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి హోటలులో వడ్డన పనికి కుదిరినారు. భూమిగల రైతు కుమారుడు ఎంగిలి బల్లలు తుడిచి, జీతమునుండి కొంచెము కొంచెము కూడబెట్టి, చివరకు ఆ దొరవద్దనే ఆ బండిని కొన్నారు.

కొన్న తరువాత ఆయన చేసినది మనము జాగ్రత్తగా చూడవలెను. ఊరంతయు చూచునట్లు దానిమీద తిరుగుటతో ఆయన తృప్తిపడలేదు. బండిని విప్పినారు. మర మరను వేరుచేసి చూచినారు. మరల ఎక్కడి ముక్క నక్కడ పెట్టి బిగించి నడిపినారు. విప్పుట ఎవరికైన వచ్చును. ఇంటిలో గడియారము విప్పని పిల్లవాడుండడు. మరల బిగించి నడిపించుటయందే విద్యయంతయు ఉన్నది. ఏ ముక్క ఎందుకున్నదో, అది లేకున్న ఏమగునో తెలిసినవానికే బిగించుట వచ్చును. ఆ విధముగా నాయుడుగారు మెకానిక్కు అయినారు. ఆయన కాలేజీ ఆ రడ్జి బండియే. దానిని ఆయన సంతతివారు కోయంబత్తూరులో భద్రపరచి ఉంచినారు.

తరువాత ప్రత్తి వ్యాపారము చేసినారు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున తిరుప్పూరులో ప్రత్తి గింజలు తీయు మిల్లు పెట్టి బాగుగా సంపాదించినారు. ఆ ధైర్యముతో బొంబాయి ప్రత్తి మార్కెట్టులో దిగి, సంపాదించినది పోగొట్టుకొన్నారు. ఇది ఆయన మొదటి పెద్ద పరాభవము. సొమ్ము పోయినది గాని చేతిపని పోలేదు. మరల మోటార్లవైపు వచ్చినారు. కోయంబత్తూరులో అప్పటి ప్రముఖ వర్తకుడైన రాబర్టు స్టేన్స్ దొర ఆయన పనితనమును గుర్తించి సాయపడినారు. ఆ సాయముతో 1920లో ఒక్క బస్సు కొని, పొళ్ళాచినుండి పళనికి నడపసాగినారు. డ్రైవరు ఆయనే. పళనికి పోవు భక్తులు ఆ బస్సు ఎక్కేవారు.

ఆ ఒక్క బస్సు పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అయినది. యు.ఎమ్.ఎస్. అను మూడక్షరములు ఆ జిల్లాలో అందరికి తెలిసినవి. 1933 నాటికి బస్సులు రెండు వందలకు పైబడినవి. దేశములో చక్కగా నడచు ప్రయాణీకుల బస్సు సర్వీసులలో అది ముందు వరుసలో నిలిచినది. ఒక్క బండితో మొదలుపెట్టిన డ్రైవరు 13 ఏండ్లలో అంతవాడగుటకు అదృష్టమొక్కటే చాలదు. ఆ కాలపు పెట్రోలు ఇంజన్లు మొండివి. కొన్నివేల మైళ్ళకొకసారి తల విప్పి మసి గీకవలెను, వాల్వులు నూరవలెను, అరిగిన పిస్టను రింగులు మార్చవలెను. ఈ పని వాయిదా వేసిన యజమాని బస్సు ఏదో ఒకనాడు నడిరోడ్డున ఆగిపోవును. విప్పి బిగించు విద్య నెరిగిన యజమానికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

మా రైల్వేలో గూడ ఇదే సూత్రము. పాఠకులు ఎప్పుడైన గూడ్సు బండి ఆగియున్నప్పుడు వాగను ప్రక్కన చూడుడు. పి.ఓ.హెచ్. అని వ్రాసి క్రింద ఒక తేదీ వేసియుండును. ఆ వాగను చివరిసారి వర్కుషాపులో పూర్తిగా విప్పబడి, బాగుచేయబడి వచ్చిన తేదీ అది. మరల వెళ్ళవలసిన తేదీ గూడ ఆ ప్రక్కనే ఉండును. ఎంత బాగుగా నడచుచున్నను, గడువు వచ్చిన వాగను విశ్రాంతికి పోవలసినదే. పాతబడినదని పారవేయక, నడచుచున్నదని వదలివేయక, విప్పి చూచి మరల పనిలో పెట్టుటయే రైల్వే బ్రదుకు. అందుచేతనే కాబోలు నాయుడుగారి జీవితము మాకు అంత దగ్గరగా తోచినది.

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు రాగా కోయంబత్తూరు రూపు మారినది. మిల్లులు లేచినవి. మిల్లులకు మోటార్లు కావలెను, రైతుల బావులకు మోటార్లు కావలెను. మోటార్లన్నియు సముద్రము దాటి రావలసినవే. 1937లో పీలమేడులో నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి ఒక విద్యుత్ మోటారు తయారుచేసినారు. మన దేశమున తయారైన మొదటి మోటారుగా దానికి పేరు వచ్చినది. బాలసుందరం నాయుడుగారు తరువాత టెక్స్‌టూల్ కంపెనీ స్థాపించినారు. నేడు కోయంబత్తూరు పంపుసెట్లు పోని ఊరు దక్షిణదేశములో అరుదు. హోసూరు చుట్టుప్రక్కల తోటలలో బోరుబావినుండి నీళ్ళు పోయుచున్నప్పుడు ఆ చప్పుడులో ఈ ఇరువురు తెలుగువారి కష్టము గూడ ఉన్నదని పిల్లలకు చెప్పవలెను.

నాయుడుగారు 1930లలో ఐరోపా, అమెరికాలు తిరిగి వచ్చినారు. పోయిన చోటనెల్ల కెమెరా పట్టుకొనియే పోయేవారు. 1936లో లండనులో ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా ఫిలిములోనికి ఎక్కించినారు. మన దేశనాయకులలో గాంధీగారిని, నెహ్రూగారిని, సుభాసుబాబును గూడ చిత్రములు తీసినారు. కెమెరా నడుపుటతో ఊరుకొనక, దూరమును సరిచేయు పరికరమొకటి దానికి తయారుచేసినారు. చేతిలోనికి వచ్చిన ఏ వస్తువైనను ఇంకను కొంచెము మెరుగుగా పనిచేయవలెనన్నది ఆయన స్వభావము.

ఆ స్వభావమునుండి పుట్టిన వస్తువులు అనేకము. బ్యాటరీలతో నడచు గడ్డము గీసికొను యంత్రము, దానికి రసాంట్ అని పేరు. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడులు. పండ్లరసము తీయు యంత్రము. కరెంటు లేని ఇండ్లకు కిరసనాయిలుతో తిరుగు పంకా. మోసమునకు వీలులేని ఓట్ల యంత్రము. మన దేశములో ఎన్నికల యంత్రము మొదటిసారి వాడినది 1982లో, కేరళలోని పరవూరులో. అంతకు ఎంతో ముందే ఒక బస్సుల యజమానికి ఆ ఆలోచన వచ్చినది. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు ఈయగలనని చూపినారు. రేడియో పెద్దల ఇంటి అలంకారముగా ఉన్న దినములవి. సామాన్యుని ఇంట గూడ పాట వినబడవలెనని ఆయన పట్టుదల.

ఎన్నికల యంత్రము చేసినవారు ఎన్నికలలో గెలువలేదు. 1930లలో స్వతంత్ర అభ్యర్థిగా మద్రాసు రాష్ట్ర శాసనసభకు నిలిచి ఓడిపోయినారు. ఇది రెండవ పరాభవము. దానిని మనసున పెట్టుకొని కూర్చుండలేదు.

ఇప్పుడు మన అబ్బాయి వేసిన ప్రశ్నకు వత్తుము. 1944లో నాయుడుగారు తన మోటారు వ్యాపారపు నిర్వహణనుండి తప్పుకొన్నారు. పరిశోధక విద్యార్థులకు వేతనములు, తన పనివారికి, వెనుకబడినవారికి సంక్షేమ పథకములు ప్రకటించినారు. 1945లో ఆయన విరాళముతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కు, ఆర్థర్ హోప్ ఇంజనీరింగు కాలేజీ వెలసినవి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ ఇంజనీరింగు కాలేజీయే నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధికెక్కినది. బడి మానిన మనిషి కాలేజీ కట్టినారు. కట్టుటయే గాదు, దానికి ప్రిన్సిపాలుగా గూడ పనిచేసినారు.

చదువు వ్యర్థమని ఆయన నమ్మియుండినచో సొమ్ము పోసి కాలేజీ ఎందుకు కట్టుదురు? ఆయన తగవు చదువుతో కాదు, చదువులో పోవు కాలముతో. ఇంజనీరింగునకు నాలుగేండ్లు అక్కరలేదని, యంత్రము ముందు నిలువబెట్టి నేర్పిన రెండేండ్లు చాలునని ఆయన అభిప్రాయము. ప్రభుత్వము ఒప్పుకొనలేదు. ఆయన ప్రిన్సిపాలు పదవి వదలుకొన్నారు. ఆయన లెక్క సరియో ప్రభుత్వము లెక్క సరియో తేల్చుటకు మా మెట్రిక్కు చాలదు. ఒక్కటి మాత్రము మాకు స్పష్టముగా కనబడుచున్నది. ఎవరి సాయము లేక ఒంటరిగా నేర్చుకొన్నవానికే, నేర్పువాడు లేని కష్టమెంతో తెలియును. తాను పడిన ఆ కష్టము రాబోవు పిల్లలు పడకూడదని ఆయన కాలేజీ కట్టినారు. అట్టి తలుపు తెరిచియుండగా బయట నిలుచుండి ఆయన పేరు చెప్పుట న్యాయముగాదు.

1952లో ఆయన జీవితములో మిక్కిలి పెద్ద ఆశయు, మిక్కిలి పెద్ద నిరాశయు వచ్చినవి. ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసినారు. వెల 2,000 రూపాయలు. కారన్నది జమీందారులకు, మిల్లు యజమానులకు మాత్రమే అందిన కాలములో బడిపంతులు గూడ కొనగల కారు అది. జర్మనీలో బీటిలు కారు పుట్టుకకు కారణమును ఇదే ఆలోచన: సామాన్యుడు కొనగల బండి. కాని మన దేశములో 1951లో వచ్చిన పరిశ్రమల చట్టము ప్రకారము పెద్ద పరిశ్రమ పెట్టుటకు ఢిల్లీనుండి లైసెన్సు కావలెను. నాయుడుగారి కారుకు లైసెన్సు రాలేదు. తయారు ఆగిపోయినది. బండిలో లోపము లేదు; కాగితము లేదు.

ఆఫీసు కాగితములు నడుపు ఉద్యోగులము గనుక ఈ సంగతి వ్రాయుచున్నప్పుడు మాకు కొంచెము సిగ్గు కలిగినది. ఒక సంతకము ఆలస్యమైన సరుకు గోదాములో పడియుండును. ఒక అనుమతి రానిచో ఒక మనిషి జీవితములోని ఒక ఆశయే గోదాములో పడియుండును. 56 ఏండ్ల తరువాత, 2008లో టాటావారు నానో అను చిన్న కారును ప్రజలకు చూపినారు. దాని 624 ఘన సెంటీమీటర్ల ఇంజను గూడ వెనుకనే. లక్ష రూపాయల కారని దేశమంతయు చెప్పుకొన్నది. 2018లో దాని తయారీ ఆగినది. అన్ని అనుమతులు ఉన్న పెద్ద కంపెనీకే చౌక కారు నిలుపుట కష్టమైనప్పుడు, నాయుడుగారి కారు తప్పక గెలిచియుండునని మేము చెప్పము. గెలుచునో ఓడునో రోడ్డుమీద తేలవలసిన విషయము కాగితముమీద తేలిపోయినదే అన్నది మా బాధ.

ఆయన మాత్రము చేతులు కట్టుకొనలేదు. పొలములోనికి పోయి ప్రత్తి, జొన్న, బొప్పాయి పంటలమీద ప్రయోగములు చేసినారు. పది అడుగులు పెరిగిన ప్రత్తిమొక్కలు చూపినారు. సి.వి. రామన్‌గారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆ తోట చూచుటకు వచ్చినారు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల నెలకొల్పినారు. పిల్లలు వచ్చి యంత్రములు చూచి నేర్చుకొనవలెనని ఉద్దేశము. 1974 జనవరి 4వ తేదీన, 80 ఏండ్ల వయస్సులో కన్ను మూసినారు.

అవినాశి రోడ్డుమీద ఆయన పేరి ప్రదర్శనశాల ఉన్నది. 2015లో ఆయన కుటుంబమువారు పాత కార్ల ప్రదర్శనశాల గూడ తెరిచినారు. పలు దేశముల కార్లు అక్కడ బాగుచేసి నిలుపబడినవి. 2025 అక్టోబరులో అదే రోడ్డుమీద దాదాపు 10 కిలోమీటర్ల పొడవున్న వంతెన తెరిచి తమిళనాడు ప్రభుత్వము ఆయన పేరు పెట్టినది. ఒకప్పుడు ఆ ఊరిలో బల్లలు తుడిచినవారి పేరుమీదుగా నేడు కార్లు పోవుచున్నవి.

ఇదంతయు మేము ఆ అబ్బాయికి చెప్పినాము. షెడ్డులోనే, నూనె మరకల బెంచీమీద కూర్చుండి చెప్పినాము. అతడు తల వంచుకొని వినినాడు గాని వెంటనే ఒప్పుకొనలేదు. ఆ వయస్సున మేమును ఒప్పుకొనియుండము. అందుచేత ఉపదేశము మాని ఆ కారును గూర్చియే అడిగినాము. పెద్ద సిలిండర్లు వేసిన తరువాత వేడి ఎక్కడికి పోవునని అడిగినాము. అప్పుడతడు ఉత్సాహముతో వివరించినాడు. ఆ పాత ఇంజనులో నూనె చల్లార్చు పెట్టె ఫంకా గాలికి అడ్డముగా ఉండుటచే మూడవ సిలిండరునకు గాలి తక్కువ తగులునట. శక్తి పెంచినకొలది ఆ సిలిండరే ముందు కాలిపోవునట. తరువాతి కాలపు ఇంజన్లలో ఆ పెట్టెను ప్రక్కకు జరిపినారట. ఇంకొక సంగతియు చెప్పినాడు. ఇంజను బరువంతయు వెనుకనే ఉన్నందున జారు నేలమీద చక్రములకు పట్టు బాగుగా ఉండును గాని, వేగముగా మలుపు తిరిగిన యెడల వెనుకభాగము పైకి లేచి, బయటివైపు చక్రము లోనికి ముడుచుకొని, బండి బోల్తాపడు ప్రమాదము ఆ పాత నమూనాలో ఉన్నదట. బ్రేకులా, నాలుగును పాతకాలపు డ్రమ్ము బ్రేకులు.

అయినచో ముందు ఏమి చేయవలెనని అడిగినాము. అతడు కొంతసేపు ఊరకుండినాడు. తరువాత తానే లెక్క చెప్పినాడు. ముందు బ్రేకులు, తరువాత చక్రముల కీళ్ళు, తరువాత గాలి దారులు, ఆ తరువాతనే శక్తి. ఆ లెక్క కాలేజీ పుస్తకములో ఉన్నదా అని అడుగగా, వేడిని గూర్చిన పాఠము ఉన్నదని, ఆ పరీక్షయే తాను తప్పినానని నెమ్మదిగా చెప్పినాడు.

కాగితము సంగతి గూడ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పుస్తకములోని వివరములకు, కంపెనీవారు మొదట ఇచ్చిన వివరములకు తేడా వచ్చునట్లు బండిని మార్చరాదు. ఇంజను సామర్థ్యము ఆ పుస్తకములో వ్రాయబడియుండును. 1385 వేసి 1192 అని చెప్పి రోడ్డెక్కుట నేరము, ప్రమాదము జరిగిన యెడల బీమా గూడ చిక్కులో పడును. నాయుడుగారి కారును కాగితమే ఆపినదని మేము చింతించినాము, నిజమే. కాని ఆయన లైసెన్సు లేకుండ దొంగతనముగా కార్లు అమ్మలేదు. అడిగినారు, రాలేదు, ఆపినారు. లారీలు రాత్రింబగళ్ళు పోవు ఈ పెద్దరోడ్డుమీద మన పిల్లలకేగాదు, ఎదురు వచ్చువారికి గూడ ఇండ్లు, తల్లిదండ్రులు ఉన్నారు.

ఈ సంచిక అచ్చుకు పోవునాటికి ఆ కారు నడచుచున్నది. ఇంజను పాత కొలతలతోనే, క్రొత్త రింగులతో, శుభ్రపరచిన ఒకే కార్బురేటరుతో బిగింపబడినది. గాలి దారులలోని సందులన్నియు మూసినారు. బ్రేకులు క్రొత్తగా వేసినారు. ఒక సాయంకాలము మమ్మెక్కించుకొని గురుబరపల్లినుండి సూళగిరి వరకు తీసికొనిపోయినారు. వెనుకనుండి కుట్టుమిషనువంటి ఆ చప్పుడు వినుచుండగా, అబ్బాయి తండ్రిగారు ముందు సీటులో కూర్చుండి ఒక్క మాటయు ఆడలేదు. దిగిన తరువాత బోనెటుమీద చేయి వేసి నిలుచున్నారు. ఇంజను వెనుక ఉన్నదని కొడుకు గుర్తుచేయగా, చాలా నెలల తరువాత ఇద్దరును కలిసి నవ్వినారు.

పెద్ద సిలిండర్లు వార్తాపత్రికలో చుట్టబడి షెడ్డు అలమరలో ఉన్నవి. అబ్బాయి కాలేజీకి పోవుచున్నాడు. తప్పిన పరీక్షకు మరల రుసుము కట్టినాడు. ఫలితము ఇంకను రాలేదు. అతడు నెగ్గునో లేదో మేము ముందుగా వ్రాయము. తప్పినను విప్పి చూచుకొని మరల బిగించుకొనవచ్చునని అతనికి ఇప్పుడు తెలియును. ఈ పరాభవ సంవత్సరమున మన పిల్లలందరకు ఆ నేర్పు అలవడవలెనని కోరుచున్నాము.

కోయంబత్తూరు పోవు పని పడినవారు అవినాశి రోడ్డులో ఒక పూట ఆగి, పిల్లలకు నాయుడుగారి ప్రదర్శనశాల చూపుడు. ఆ పాత మోటారు సైకిలు ఎదుట వారిని నిలువబెట్టి, ఈ కథ తెలుగులో చెప్పుడు.